ఒక డాలర్ ప్లేటు, మూడో గొంతు

(పాత రికార్డులు వినేవాళ్ళం విజయవాడలో నెలకోసారి కలుస్తాం, అక్కడ ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు ఎత్తి రాశాం, పాటలు వేసిన చోట గుర్తు పెట్టాం.)

ముందు పాట వినండి, నా గోల తర్వాత.

[పాట వినిపించారు]

ఎంతమంది పాడారు ఇందులో? ఎవరన్నా చెప్పండి. ఇద్దరా? ఆ వెనకాయన నలుగురంటున్నారు. ముగ్గురండీ. మగాయన ఒకరు, ఆడవాళ్ళు ఇద్దరు. ఒక గిటారు, మనిషంత ఎత్తుండే నిలువు బేస్ ఒకటి, అంతే, డ్రమ్ములు గిమ్ములు ఏం లేవు. ఇప్పుడు పైన సన్నగా, కాస్త ముక్కులోంచి, ఏడుస్తోందా పాడుతోందా తెలీకుండా ఒక గొంతు తీగలాగా సాగింది చూశారా, దాన్ని గుర్తుపెట్టుకోండి. ఆ గొంతు గురించి నేను రెండేళ్ళ పాటు కనపడ్డ వాళ్ళందరికీ తప్పు చెప్పుకుంటూ తిరిగాను. అదే ఇవాళ చెప్పబోయేది.

నేను ఒహాయోలో సిన్సినాటి పక్కన మేసన్ అనే ఊళ్ళో పదిహేడేళ్ళు ఉన్నాను. మేసన్ సంగతి అక్కడ పిల్లలున్న వాళ్ళకి తెలిసే ఉంటుంది, ఇండియన్ షాపులో బిల్లు కట్టేటప్పుడు తెలుగులో మాట్లాడేయొచ్చు, అంతమందిమి ఉన్నాం. అక్కడ థ్రిఫ్ట్ స్టోర్లని ఉంటాయి, జనం వాడి వదిలేసిన బట్టలూ గిన్నెలూ అమ్మే కొట్లు, ఏ కొట్టులోనైనా సరే చిట్టచివర, చెప్పుల రాక్ పక్కన కింద అరలో పాత పాటల ప్లేట్లు ఉంటాయి. మోకాళ్ళ మీద కూర్చుని చూడాలి. ఏ ఊళ్ళో చూసినా అవే, హెర్బ్ ఆల్పర్ట్ ట్రంపెట్, మాంటొవాని ఆర్కెస్ట్రా, క్రిస్మస్ పాటలు, మళ్ళీ హెర్బ్ ఆల్పర్ట్. నూటికి తొంభై అవే. మిగిలిన పదిలో కనీసం అయిదు ఏదో చర్చి వాళ్ళు సొంత డబ్బుతో వేయించుకున్న గాస్పెల్ ప్లేట్లు, అంటే క్రైస్తవ భక్తి పాటలు. వాటిని ఎవరూ కొనరు. నేనూ చాలా ఏళ్ళు కొనలేదు, నిజం చెప్పాలంటే కవర్ల మీద ఆ జుట్టు చూసి నవ్వుకుని పక్కన పెట్టేసేవాణ్ణి.

ఈ ప్లేటు కవర్ మీద సరస్సు, చుట్టూ ఎర్రగా పసుపుగా రాలుకాలపు చెట్లు. ఆ ఫోటో వాళ్ళది కాదు. ఇది మనవాళ్ళకి చాలా తేలిగ్గా అర్థమవుతుంది, శివకాశి క్యాలెండర్ ఉంటుంది కదా, పైన లక్ష్మీదేవి బొమ్మ అందరికీ అదే, కింద మాత్రం ఎవరి కొట్టు పేరు వాళ్ళది. అట్లాగే అక్కడ ప్లేట్లు వేసే ఫ్యాక్టరీల దగ్గర రంగు బొమ్మల కవర్లు రెడీగా ఉండేవి, సరస్సు ఒకటి, కొండ ఒకటి, సూర్యాస్తమయం ఒకటి, మీకు కావాల్సింది ఏరుకుంటే పైన మీ పేరు నల్ల ఇంకుతో కొట్టిచ్చేవాళ్ళు. ఇదే సరస్సు కవర్ నా దగ్గర ఇంకో రెండు వేరే బృందాల ప్లేట్ల మీద ఉంది. వెనక వైపు మాత్రం వాళ్ళ సొంతం, నలుపూ తెలుపూ ఫోటో, టై కట్టుకుని తలకి బాగా నూనె రాసి దువ్విన పెద్దాయన, ఇటొక ఆవిడ, అటొక అమ్మాయి, ఇద్దరికీ తేనెపట్టు లాగా పైకి లేపి కట్టిన జుట్టు. ఒక డాలర్ స్టిక్కర్ సరిగ్గా పెద్దాయన మొహం మీద అంటించారు. ఇంటికొచ్చి నెమ్మదిగానే పీకాను గానీ ముక్కు దగ్గర కొంచెం కాగితం లేచిపోయింది, ఇప్పటికీ చూస్తే బాధే. (నవ్వులు)

ఆ కుటుంబం పేరు చెప్పను. ఏమనుకోవద్దు, వాళ్ళేం పేరున్న కళాకారులు కాదు, మామూలు మనుషులు, అందులో కొంతమంది ఇంకా ఉన్నారు.

ఇంటికొచ్చి వంటింటి సింకులో కడిగాను. చల్లటి నీళ్ళు, గిన్నెల సబ్బు ఒక్క చుక్క, లేబుల్ తడవకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని గాడి ఎటు తిరిగితే అటే గుడ్డ తిప్పుకుంటూ తుడవాలి, అడ్డంగా తుడిచారో ఉన్న మట్టి గాడిలోకే పోతుంది. ఆఖర్న డిస్టిల్డ్ వాటర్. మా ఆవిడ చూసి అన్నం గిన్నెలు కడిగే చోటా అంది. నీళ్ళు టీ డికాక్షన్ రంగులో దిగాయి. తర్వాత సూది పెట్టాను.

మొదటి పాటకి నాకేం అనిపించలేదు, బాగుంది, అంతే. రెండో పాట ట్యూన్ మొదలవగానే చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేశాను. ఆ ట్యూన్ నాకు తెలుసు. ఒహాయోలో తెలిసింది కాదు, గుంటూర్లో తెలుసు. మేం చర్చికెళ్ళే వాళ్ళం కాదు గానీ నేను చదివింది మిషన్ స్కూల్లో, పొద్దున ప్రేయర్‌లో వరసగా నిలబెట్టి పాడించేవాళ్ళు, మాటలు తెలుగువి, ట్యూన్ ఇదే. పెన్సిల్వేనియా నుంచి వచ్చిన హేయర్ దొర గుంటూర్లో లూథరన్ మిషన్ మొదలుపెట్టింది 1842లో, ఈ పాట దాని తర్వాతది, మాటలు జోసెఫ్ స్క్రివెన్ అనే ఐర్లాండు ఆయన కెనడాలో ఉండగా 1855లో రాశాడు, దూరాన ఉన్న వాళ్ళమ్మని ఓదార్చటానికి, ట్యూన్ 1868లో కాన్వర్స్ అని అమెరికా ఆయన కట్టాడు. వాట్ ఎ ఫ్రెండ్ వి హ్యావ్ ఇన్ జీసస్, ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. మా స్కూల్లో హార్మోనియం మీద మెల్లగా, బరువుగా, అందరం ఒకే శ్రుతిలో. వీళ్ళేమో దాన్నే గిటారు మీద ఊపుతో, మూడు గొంతులు మూడు దారుల్లో పోతూ. మన పెరట్లో చింతచెట్టు ఇంకెవరి పెరట్లోనో కనపడితే ఎట్లా ఉంటుంది, అట్లా అనిపించింది.

ఇక పట్టుకుంది పిచ్చి. ఎవరు వీళ్ళు, ఎప్పటిది ఇది?

కవర్ మీద సంవత్సరం లేదు, ఇలాంటి వాటి మీద ఉండదు. నెట్‌లో ఆ పేరు కొడితే ఏమీ రాలేదు. అప్పుడు ప్లేటునే అడగాలి. ఇక్కడున్న పెద్దవాళ్ళకి ఇది తెలుసు, కుర్రాళ్ళ కోసం చెప్తున్నా, ఆఖరి పాట అయిపోయాక లేబుల్ దాకా నున్నటి నల్లటి జాగా ఉంటుంది కదా, లైటుకి వాలుగా పట్టి చూస్తే అందులో అంకెలు గీసి కనిపిస్తాయి. ఫ్యాక్టరీ వాళ్ళ లెక్క అది. నా దాని మీద అయిదంకెల నంబరు ఉంది. లేబుల్ మీద కంపెనీ పేరు ఏదో ఉంది గానీ అది ఉత్తుత్తి పేరు, ఎవరు డబ్బు కడితే వాళ్ళు తమకి నచ్చిన పేరు పెట్టుకోవచ్చు, అట్లాంటి కంపెనీ ఎక్కడా ఉండదు. నంబరు చూస్తే అసలు తయారుచేసింది ఎవరో తేలింది, సిన్సినాటిలోనే ఉండే రైట్ రికార్డ్స్. మా ఇంటికి అరగంట దూరం! నేనేమో ఏ టెన్నెసీ కొండల్లోంచో వచ్చిందనుకున్నాను.

ఈ రైట్ వాళ్ళ దగ్గర హిట్ పాటలు లేవు, స్టార్లు లేరు. వాళ్ళ పనల్లా అడిగిన వాళ్ళకి ప్లేట్లు వేసివ్వటం, చర్చి బృందాలు, హైస్కూలు బ్యాండ్లు, ఊరూరా తిరిగే పాస్టర్లు. టేపు పంపిస్తే మూడొందలో అయిదొందలో ప్లేట్లు పెట్టెలో పెట్టి తిరిగి పంపేవాళ్ళు. వాళ్ళ నంబర్లు వరసగా పెరుగుతూ పోతాయి కాబట్టి తేదీ తెలిసిన ప్లేట్ల పక్కన పెట్టి చూసుకుంటూ కలెక్టర్లు ఏ నంబరు ఏ ఏడాదిదో పట్టికలు కట్టారు, ఇంతకంటే పనిలేని మనుషులు ప్రపంచంలో ఉండరు, వాళ్ళకి నా దండం. నా నంబరు 1970 అటూ ఇటూ పడింది. ఇంకో ఆనవాలు కూడా ఉంది, కవర్ వెనక పోస్టు బాక్సు అడ్రసులో జిప్ కోడ్ ఉంది. అమెరికాలో జిప్ కోడ్ వచ్చిందే 1963లో, అంటే ఎంత లాగినా అంతకు ముందుది కాదు. మన పిన్ కోడ్ 1972, ఇదే లెక్క మన పాత కవర్లకీ పనికొస్తుంది, వాడుకోండి.

సరే, సిన్సినాటిలో ఈ కొండ పాట ఏం చేస్తోంది అంటే, దానికి కారణం ఉద్యోగాలు. పక్క రాష్ట్రం కెంటకీలో తూర్పు వైపంతా కొండలు, బొగ్గు గనులు, గనుల్లో పని తగ్గిపోయాక జనం ఉత్తరానికి వచ్చేశారు, సిన్సినాటి, హామిల్టన్, డేటన్, అక్కణ్ణుంచి డెట్రాయిట్, స్టీలు మిల్లులు, కార్ల ఫ్యాక్టరీలు. కెంటకీలో ఒక జోక్ ఉంది, అక్కడ పిల్లలకి స్కూల్లో నేర్పేవి మూడే మూడట, రీడింగ్, రైటింగ్, రూట్ 23. చదవటం, రాయటం, ఉత్తరానికి పోయే రోడ్డెక్కి ఊరొదిలి పోవటం. శుక్రవారం సాయంత్రం షిఫ్టు దిగగానే కార్లన్నీ దక్షిణానికే, సొంతూరికి, ఆదివారం రాత్రికి మళ్ళీ వెనక్కి. మనకి సంక్రాంతి ముందు పంతంగి టోల్ గేటు ఎట్లా ఉంటుందో తెలుసు కదా, వాళ్ళకి అది వారం వారం. అట్లా వచ్చిన వాళ్ళు పాటలు కూడా తెచ్చుకున్నారు, సిటీలో చిన్న చిన్న చర్చిలు పెట్టుకున్నారు, పాతబడ్డ కిరాణా కొట్లలో, షెడ్లలో. ఈ ప్లేటు అట్లాంటి చోట పుట్టింది.

నిజానికి సిన్సినాటికి అంతకు ముందే ఈ పాటతో సంబంధం ఉంది. అక్కడి రేడియో స్టేషన్ డబ్ల్యుఎల్‌డబ్ల్యులో పనిచేసే నలుగురు, డెల్మోర్ అన్నదమ్ములిద్దరు, గ్రాండ్‌పా జోన్స్, మెర్ల్ ట్రావిస్, కలిసి బ్రౌన్స్ ఫెర్రీ ఫోర్ అని గాస్పెల్ బృందం కట్టారు, 1946 నుంచి ఆ ఊరి కింగ్ రికార్డ్స్ వాళ్ళకి ప్లేట్లిచ్చారు. తమాషా ఏంటంటే బ్రౌన్స్ ఫెర్రీ అనే పేరు డెల్మోర్ల పాత పాట ఒకదాన్నుంచి వచ్చింది, అది కాస్త కొంటె పాట, దేవుడి పాటల బృందానికి ఆ పేరు పెట్టుకున్నారు మహానుభావులు. (నవ్వులు)

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే తప్పు. కంట్రీ గాస్పెల్ అంటే తెల్లవాళ్ళ పల్లె పాట అని చాలామంది అనుకుంటారు. నా ప్లేటులో మొదటి వైపు నాలుగో పాట పీస్ ఇన్ ది వ్యాలీ. లేబుల్ మీద ఎవరు రాశారో లేదు. ఈ కుటుంబానికి అది కంట్రీ గాయకుడు రెడ్ ఫోలీ పాట అయ్యుంటుంది, ఆయనా కెంటకీ మనిషే, 1951లో ఆయన పాడింది అక్కడ ప్రతి ఇంటికీ చేరింది. రాసింది మాత్రం థామస్ డార్సీ, షికాగోలో ఉండే నల్లజాతి ఆయన, 1937లో, గాస్పెల్ గాయని మహలియా జాక్సన్ పాడటం కోసం. అంతకు ముందు ఇదే డార్సీ జార్జియా టామ్ అని పేరు పెట్టుకుని బార్లలో బ్లూస్ పాడినవాడు. ఒకే పాట, ఆదివారం ఒకే టైముకి, పక్కపక్క వీధుల్లో రెండు చర్చిల్లో పాడేవాళ్ళు, ఆ రెండు చర్చిల జనం మాత్రం ఒక బెంచీ మీద కూర్చునేవాళ్ళు కాదు. మనకి ఇది విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

ఇక ఆ మూడో గొంతు.

మన భజనలో పదిమంది ఉన్నా అందరూ ఒకే స్వరం మీద నిలబడతారు, వాళ్ళట్లా కాదు. పెద్దాయన స పట్టుకుంటే పై గొంతు గాంధారం మీద ఉంటుంది, కింద గొంతు పంచమం మీదో ఎక్కడో, ముగ్గురూ కలిసి కదులుతారు. పెద్దాయన రి కి వెళ్తే పైన ఉన్నది మ కి వెళ్తుంది, ఎప్పుడూ దాదాపు అంతే ఎడం. ఆ ఎడం వెంట్రుకవాసి తప్పినా చెవికి తెలిసిపోతుంది. ఒకే ఇంటి వాళ్ళు పాడితే ఇది బాగా అతుకుతుందని అక్కడ గట్టి నమ్మకం, దానికి బ్లడ్ హార్మొనీ అని పేరు కూడా పెట్టారు, రక్తంలో ఉన్న శ్రుతి అన్నమాట. ఉదాహరణకి ఎవరైనా మొదట చెప్పేది లూవిన్ బ్రదర్స్. అలబామాలో హెనెగర్ అనే చిన్న ఊరి అన్నదమ్ములు, ఐరా, చార్లీ, ఇంటిపేరు నిజానికి లౌడర్‌మిల్క్. పాట మధ్యలో పై గొంతు అన్నదీ కింద గొంతు తమ్ముడిదీ మార్చేసుకుంటారు, ఎక్కడ మారిందో పట్టుకోలేం. 1959లో వాళ్ళ సేటన్ ఈజ్ రియల్ అనే ఆల్బం వచ్చింది, ఆ కవర్ ఒక్కసారి నెట్‌లో చూడండి, ఐరా స్వయంగా పన్నెండడుగుల ప్లైవుడ్ సైతాన్ని చేయించి రాళ్ళ మధ్య నిలబెట్టి, కిరసనాయిలు పోసిన టైర్లు వెనక తగలబెట్టి, వాన చినుకులు పడుతుంటే తెల్ల సూట్లేసుకుని ముందు నిలబడి ఫోటో దిగారు ఇద్దరూ. మన దసరా రావణుడికి ఏమీ తీసిపోడు ఆ సైతాను. అంత భక్తి పాటలు పాడిన ఐరా తాగొచ్చి మాండొలిన్లు నేలకేసి కొట్టేవాడు, 1965లో కారు ప్రమాదంలో పోయాడు, అది వేరే కథ, అందులోకి వెళ్తే ఇవాళ ఇంటికి పోం.

ఎందుకు చెప్తున్నానంటే, నా ప్లేటు వెనక ఫోటోలో ముగ్గురున్నారు, నాన్న, అమ్మ, కూతురు. పాటలో మూడు గొంతులున్నాయి. ఇంకేం కావాలి? పై గొంతు తల్లిదని తేల్చేశాను. అక్కడ మా కలెక్టర్ల గుంపులో ఒకసారి నన్ను మాట్లాడమంటే, ఇదే పాట వేసి, వినండి, తల్లి గొంతు కూతురు గొంతు కలిసే చోట ఆ గరగరలో పోలిక వినండి, ఇదే బ్లడ్ హార్మొనీ, ఇది నేర్పితే రాదు, పుట్టుకతో రావాలి అని ఊగిపోయాను. చప్పట్లు కూడా కొట్టారు. ఇంకో విషయం కూడా చెప్పాను వాళ్ళకి. రెండో వైపు రెండో పాటలో, రెండో చరణం అయ్యాక, ఎవరో దగ్గుతారు. చిన్నగా, అణచుకున్న దగ్గు. అది పట్టుకుని, చూశారా ఇది స్టూడియోలో తీసింది కాదు, చర్చిలో జనం మధ్య తీశారు, ఆ దగ్గింది సంఘంలో ఒకాయన అని చెప్పాను. ఎంత ధీమా అంటే, నేనే అక్కడ బెంచీ మీద కూర్చున్నట్టు.

తర్వాత బుద్ధి పుట్టి, ఇంత చెప్తున్నాం కదా, మనుషుల్నే అడిగితే పోలా అనిపించింది. జిప్ కోడ్ ఉంది కాబట్టి ఊరు తెలుసు. ఆ ఊళ్ళో చర్చిలకి వరసగా ఫోన్లు చేశాను. మొదటిచోట ఎవరికీ తెలీదు, రెండోచోట నేనేదో అమ్మటానికి చేశాననుకుని పెట్టేశారు, మన యాసకి అది మామూలే. మూడోచోట మెసేజ్ పెట్టాను. వారం తర్వాత ఆఫీసు మీటింగులో ఉండగా ఫోన్ మోగింది, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని మాట్లాడాను. ఫోటోలో అమ్మాయి ఆవిడే. ఇప్పుడు డెబ్బై దాటాయి.

హనీ, ఆ ప్లేటు నీకెక్కడ దొరికింది అంది. యాభై ఏళ్ళ దగ్గర పడ్డవాణ్ణి, నన్ను హనీ అన్నది మా ఆవిడ కూడా కాదు. (నవ్వులు) చెప్పాను. ఎంతకి కొన్నావు అంది. ఒక డాలర్ అన్నా. కాసేపు మాట్లాడలేదు, బాధపడిందేమో అనుకున్నా, తీరా చూస్తే నవ్వాపుకుంటోంది. మేం ఆ రోజుల్లోనే మూడు డాలర్లకి అమ్మాం, నీకు లాభమే అంది.

నేను ఆగలేక అడిగాను, మీ అమ్మగారి గొంతు ఎంత గొప్పగా ఉందండీ, ఎక్కడ నేర్చుకున్నారు అని.

అమ్మ పాడలేదే అంది.

1971, ఈస్టర్‌కి ముందు వారం. స్టూడియోకి డబ్బు కట్టేశారు, రెండు గంటలు, అంతలో పన్నెండు పాటలూ అయిపోవాలి, మళ్ళీ ఇంకో రోజంటే మళ్ళీ డబ్బు. ముందు రోజు రాత్రి వాళ్ళమ్మకి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. వాళ్ళ నాన్న పొద్దున్నే పక్కింటి తలుపు కొట్టాడు. పక్కింట్లో ఉండేది స్కూల్లో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించే ఆవిడ. వీళ్ళ చుట్టం కాదు, పక్కమే, వీళ్ళ చర్చి కూడా కాదు, వేరే చర్చి. ఆవిడ ఏప్రన్ విప్పి కోటు వేసుకుని కారెక్కింది. అంతకు ముందు వీళ్ళతో కలిసి ఒక్కసారి కూడా పాడలేదు. నేను రక్తం, పుట్టుక అని ఊగిపోయిన ఆ పోలిక, పక్కింటావిడది.

మరి ఎట్లా పాడింది, రిహార్సల్ లేకుండా పన్నెండు పాటలు? అదే అడిగాను. ఆవిడకి షేప్ నోట్స్ వచ్చు హనీ అంది, అంటే ఇంక అడగటానికి ఏముంది అన్నట్టు.

ఇది కొంచెం చెప్పాలి, మనవాళ్ళకి నచ్చుతుంది. స్టాఫ్ నొటేషన్ ఉంటుంది కదా, అయిదు గీతలు, వాటి మీద నల్ల చుక్కలు. ఆ చుక్క డో నా (మన స అన్నమాట), మీ నా (మన గ) తెలియాలంటే అది ఏ గీత మీదుందో, శ్రుతి ఏమిటో లెక్క కట్టుకోవాలి. అమెరికాలో దానికో ఉపాయం కనిపెట్టారు, చుక్కకే ఆకారం ఇచ్చేశారు, దక్షిణాన పల్లెల్లో అది బాగా పాతుకుపోయింది. డో అయితే త్రికోణం, మీ అయితే డైమండు, సో అయితే గుండ్రం, లా అయితే చతురస్రం. శ్రుతి ఏదైనా కానీ, చదరం కనపడితే అది లా. ఏడు స్వరాలకీ ఏడు ఆకారాలు, 1846లో ఐకిన్ అనే ఆయన పుస్తకంతో వచ్చిందీ పద్ధతి. మనం స రి గ మ అని అక్షరాలు రాసుకుంటాం చూడండి, దాదాపు అదే ఆలోచన, చూడగానే స్వరం పేరు నోటికి రావాలి. ఎండాకాలం పంటపనులు లేనప్పుడు ఊళ్ళోకి పాటల మాస్టారు వచ్చి పదిరోజులు బడి పెట్టేవాడు, పిల్లలూ పెద్దలూ అందరూ కూర్చునేవాళ్ళు, ముందు మాటల్లేకుండా ఉత్త స్వరాలతో పాడి, తర్వాతే సాహిత్యం. మా మేనత్త గీతాలు నేర్చుకున్న వరసే.

దాని వెనక వ్యాపారం కూడా ఉంది. ఏటేటా కొత్త పాటల పుస్తకాలు వేసి అమ్మే కంపెనీలుండేవి, టెన్నెసీలో లారెన్స్‌బర్గ్ అనే ఊళ్ళో జేమ్స్ వాన్ అనే ఆయన 1910లో నలుగురు గాయకుల్ని జీతానికి పెట్టి ఊళ్ళమీదకి పంపాడు, వాళ్ళు పాడాలి, జనం పుస్తకం కొనాలి. నలుగురేసి పాడే గాస్పెల్ క్వార్టెట్లు చాలా అట్లా పుట్టినవే. ఐ విల్ ఫ్లై అవే అని మీరు వినే ఉంటారు, దాన్ని రాసిన ఆల్బర్ట్ బ్రమ్లీ ఓక్లహోమాలో వాళ్ళ నాన్న చేలో పత్తి తీస్తూ ఒక జైలు పాట కూనిరాగం తీస్తుంటే ఆ ఆలోచన వచ్చిందట, 1929లో రాసి మూడేళ్ళు పెట్టుకుని 1932లో అట్లాంటి పుస్తకంలోనే వేయించాడు. పత్తి తీసేటప్పుడు ఎగిరిపోవాలని ఎందుకనిపిస్తుందో గుంటూరు జిల్లా వాళ్ళకి చెప్పాలా.

కాబట్టి ఆ పక్కింటావిడ చేసిందల్లా, స్టూడియోలో పుస్తకం తెరిచింది, పై వరస చూసింది, పాడింది. ఏ ఊళ్ళో ఏ గుంపులో నిలబెట్టినా పాడుతుంది. పుట్టుకతో వచ్చిందీ కాదు, మాయా కాదు, పదిరోజుల బడి. ఆ గరగరలో పోలిక ఎందుకొచ్చిందయ్యా అంటే, ఒకే కొండ పక్క నుంచి వచ్చిన వాళ్ళు కాబట్టి అచ్చులు ఒకే తీరుగా పలుకుతారు, అంతకు మించి ఏమీ ఉండక్కర్లేదని ఇప్పుడనుకుంటున్నా. ఇది కూడా నా థియరీనే, రెండేళ్ళాగితే దీని గతేమవుతుందో. (నవ్వులు)

మరి కవర్ మీద ఆవిడ ఫోటో ఎందుకు లేదు అన్నాను. కవర్ ముందే అచ్చయిపోయింది, మార్చాలంటే డబ్బు. పేరన్నా వేయకపోయారా అన్నాను. ఆవిడే వద్దందట, వాళ్ళ పాస్టరుకి తెలిస్తే వేరే చర్చి వాళ్ళతో పాడావా అంటాడని.

ఇక అరుదు సంగతి. ఇలాంటి ప్లేటు మూడొందలు వేస్తే ఇప్పుడు ఎన్నుంటాయి, పదో పదిహేనో అని మేం కలెక్టర్లం ఊహించుకుంటాం, రేట్లు పెంచుకుంటాం. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్ల విషయంలో అది నిజమే. 1927లో బ్రిస్టల్ అనే ఊళ్ళో, అది సగం టెన్నెసీ సగం వర్జీనియా, మెయిన్ రోడ్డు మధ్యలోంచే రాష్ట్రాల హద్దు పోతుంది, అక్కడ రికార్డు కంపెనీ తరఫున వచ్చిన రాల్ఫ్ పీర్ అనే ఆయన కార్టర్ ఫ్యామిలీ అనే కుటుంబ బృందం పాటలు రికార్డు చేశాడు, అదే వారాల్లో ఎర్నెస్ట్ ఫిప్స్, ఆల్ఫ్రెడ్ కార్న్స్ అని కెంటకీ బోధకులిద్దరు కూడా వచ్చి పాడిపోయారు, వాళ్ళ ప్లేట్లు ఇవాళ చూద్దామన్నా కష్టం. దానికి ఒక కారణంలో మన చెయ్యి కూడా ఉంది. 78 ప్లేటు లక్కతో చేసేవాళ్ళు, ఆ లక్క ఎక్కువభాగం మన దేశం నుంచే, మన తూర్పు అడవుల్లో పురుగులు పెట్టిన లక్క. యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోయేసరికి 1942లో అమెరికా ప్రభుత్వం లక్క వాడకానికి కోత పెట్టింది, కంపెనీలేమో పాత ప్లేట్లు తెచ్చివ్వండి, కరిగించి కొత్తవి చేస్తాం అన్నాయి. ఎన్ని ఫిప్స్‌లు, ఎన్ని కార్న్స్‌లు ఆ బాండీలో పడ్డాయో.

నాది మాత్రం వినైల్ కదా, ప్లాస్టిక్‌ది. నేను ఆవిడతో చాలా గంభీరంగా అన్నాను, అమ్మా, ఇది చాలా అరుదైన ప్లేటు, మిగిలిన కాపీ ఇదొక్కటేనేమో, మీకు కావాలంటే పంపించేస్తాను అని. ఆవిడ మళ్ళీ నవ్వింది. నాన్న అయిదొందలు వేయించాడు హనీ, సగం కూడా అమ్ముడు పోలేదు, బేస్‌మెంటులో వాటర్ హీటర్ పక్కన పెట్టెలకి పెట్టెలున్నాయి, నీకెన్ని కావాలి?

(చాలాసేపు నవ్వులు)

ఆరు తీసుకున్నా. వెళ్ళి తెచ్చుకున్నా, రెండున్నర గంటల డ్రైవు. మూడు డాలర్ల కంటే ఎక్కువ ఇస్తానంటే పుచ్చుకోలేదు, నాన్న పెట్టిన రేటు అది అంది. కింద పెట్టెల్లో ఉన్నవి కొన్ని తేమకి కవర్లు ఉబ్బిపోయి ఉన్నాయి గానీ లోపల ప్లేట్లు ఇవాళే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టున్నాయి, ఒక్క గీత లేదు. నేను పడీ పడీ కడుక్కున్నదేమో గీతలది. వాటిల్లో నాలుగు వెనక టేబుల్ మీద పెట్టాను, తీసుకోవాలనుకునే వాళ్ళు తీసుకోండి, రేటు మూడు డాలర్లే, మీరు లెక్క కట్టుకోండి. పెద్దాయన ముక్కు కూడా బానే ఉంది వాటి మీద.

ఇప్పుడు రెండో వైపు రెండో పాట వేస్తున్నా. లైట్లు కొంచెం తగ్గిస్తారా బాబూ. ఆ రోజు వాళ్ళమ్మ ఇంట్లో ఉండలేక తనూ వచ్చిందట, గాజు తలుపు అవతల చోటు లేదని ముగ్గురున్న గదిలోనే మూల కుర్చీలో కూర్చోబెట్టారు, మెడకి మఫ్లరు చుట్టుకుని. తను పాడాల్సిన వరస పక్కింటావిడ పాడుతుంటే పెదాలు కదుపుతూ ఉందని కూతురు చెప్పింది. మళ్ళీ తీద్దామంటే టైము లేదు, అట్లాగే ఉంచేశారు. రెండో చరణం అయ్యాక వస్తుంది, చిన్నగా, అణచుకున్న దగ్గు. వినండి.

[పాట వినిపించారు]